మా అత్త చదివితే ఎవరూ చావరు

బళ్ళారి ఎండ శివరాత్రి దాటగానే మొదలవుతుందని ఊరందరికీ తెలుసు. గాంధీనగర్‌లోని మా ఇంట్లో మాత్రం ఎండాకాలం ఈస్టర్ మర్నాడు మధ్యాహ్నం మూడు గంటలకు మొదలవుతుంది. ఆ పూట మా అత్త దీనమ్మ బీరువా మీదున్న ఇనుప పెట్టెను దింపించి, నలభై రోజులుగా తాళం వేసి పెట్టిన నవలల్ని బయటికి తీస్తుంది.

మా సంఘంలో ఈస్టరుకు ముందు నలభై శ్రమదినాల్లో కొందరు మాంసం మానేస్తారు, కొందరు టీ మానేస్తారు. మా అత్త నవలలు మానేస్తుంది. తాళంచెవి నా చేతికిచ్చి, "నేను అడిగినా ఇయ్యొద్దు వినీలా" అని గట్టిగా చెబుతుంది. రెండో వారానికే వంటింట్లోకి వచ్చి, "తాళంచెవి భద్రంగా ఉండాదా? ఒకసారి చూపిచ్చు, చాలు" అంటుంది. నేను చూపించను. కోడలిగా ఏడాదికి నాకు దొరికే అధికారం ఆ నలభై రోజులే, దాన్నెందుకు వదులుకుంటాను?

పుస్తకాలు తెచ్చేది కూడా నేనే. నా పుట్టిల్లు గుంతకల్లు. క్రిస్మస్ తర్వాత అక్కడికి వెళ్లినప్పుడు, పాత పుస్తకాలు కుప్ప పోసి అమ్మే చోట నాలుగైదు నవలలు ఏరుకొస్తాను. నిజం చెప్పాలంటే నాకు నవలలంటే మోజు లేదు. ఆస్పత్రి ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేసే మనిషిని నేను, ఫలితం ఏమిటో ఒక్క ముక్కలో తేలిపోవాలి. అందుకే అత్త నన్ను నమ్మి పంపుతుంది. "నువ్వు చదవవు కాబట్టి కత నీ మొగంలో కనపడదు" అంటుంది. ఆమె కోరేవి రెండే. అక్షరాలు పెద్దవిగా ఉండాలి, చివరి పేజీలు చిరగకుండా ఉండాలి. అట్ట ఉన్నా లేకున్నా ఒకటే. అందుకని మా ఇంట్లో నవలలకు పేర్లుండవు. రైలు కత, డాక్టరమ్మ కత, తోడికోడండ్ల కత, అంతే.

అత్త పుట్టింది మిషన్ కాంపౌండులో. వాళ్ల నాయన మిషన్ ఆస్పత్రిలో కాంపౌండరు. బడి చదువంతా కన్నడమే. మా జిల్లాలో తెలుగు మాట్లాడే ఇండ్లు ఎన్నో ఉన్నాయి కానీ తెలుగు అక్షరాలు చదివే ఇండ్లు తక్కువ. అత్తకు ఆ అక్షరాలు నేర్పింది వాళ్ల అవ్వ, పెద్దక్షరాల బైబిలు ఒళ్లో పెట్టుకుని. ఆదికాండంతో అఆలు మొదలుపెడితే మోషే ఎర్రసముద్రం దాటేసరికి ఒత్తులు కూడా వచ్చేశాయట.

దానివల్ల ఏమైందంటే, ఆమె ఏది చదివినా చర్చి గుడిలో బైబిలు వాక్యం చదివే రాగమే వస్తుంది. నవలలో దొంగ కత్తి తీసినా, కొత్త పెళ్లికూతురు అలిగినా, ప్రవక్త ఇశ్రాయేలీయులను గద్దించినట్టే ఉంటుంది. ఒకసారి తోడికోడండ్ల కత ముగియగానే, వింటూ కూర్చున్న తిమ్మమ్మ అలవాటు కొద్దీ "ఆమెన్" అనేసింది. తిమ్మమ్మ వెంకటరమణస్వామి భక్తురాలు. శనివారం ఒక్కపొద్దు ఉంటుంది. మా ఇంటి ప్రార్థనలకు వచ్చీ వచ్చీ ఆ మాట ఆమె నోటికి అంటుకుంది.

తిమ్మమ్మను నేను చిన్నత్తా అని పిలుస్తాను, చుట్టరికం ఏమీ లేకపోయినా. కంప్లి దగ్గర ఎమ్మిగనూరులో వాళ్లది తరతరాల సేద్యం, వరి, చెరుకు. కొడుకు కేశవ లారీలు పెట్టుకుని ఖనిజం తోలడం మొదలుపెట్టాక మా వీధి చివర ఇల్లు కట్టించాడు. కాలువలో నీళ్లు ఆగిపోగానే తిమ్మమ్మ ఆ ఇంటికి వచ్చేస్తుంది. మళ్లీ కాలువకు నీళ్లు వదిలితే నారుమళ్లు పోయించడానికి ఊరికి వెళ్లిపోతుంది. ఆ మధ్య నెలలే మా నవలల కాలం. తిమ్మమ్మ లేనప్పుడు ఒక్కతే చదువుకుంటే రుచి ఉండదని అత్త పెట్టె ఎప్పుడో కానీ తెరవదు.

వీళ్ల స్నేహం మొదలైంది కూడా నవలతోనే. నలభై ఒక్క ఏళ్ల కిందట అత్త ఎమ్మిగనూరులో నర్సమ్మ. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఇరవై ఏళ్ల తిమ్మమ్మకు తొలి కాన్పు. పొద్దున మొదలైన నొప్పులు ఎంతకీ తెగలేదు. పిల్ల భయపడి, అరిచి అరిచి నీరసించిపోయింది. అత్త సంచిలో ఒక నవల ఉండింది. "కండ్లు మూసుకోవద్దు, నేను కత చదువుతా, విను" అని మొదలుపెట్టింది. ఆ నవలలో హేమ అనే అమ్మాయికి కూడా నెలలు నిండాయి. పుస్తకంలో హేమ కాన్పు, మంచం మీద తిమ్మమ్మ కాన్పు, రెండూ ఒకే పూట సుఖంగా అయ్యాయని అత్త ప్రతి ఎండాకాలం ఒకసారైనా చెబుతుంది. తిమ్మమ్మకు పుట్టినవాడే కేశవ. వాడిప్పుడు మీసాలు మెలేసుకుని పది లారీలకు యజమాని అయినా, "హేమమ్మ బిడ్డ నాకు జతగాడు కదా పెద్దమ్మా, వాడు ఇప్పుడు యాడుండాడు" అని అత్తను ఆటపట్టిస్తుంటాడు.

అత్త చదివే నవలల్లో నాకు ఒక వింత కనిపించేది. నా డ్యూటీ రెండింటికి అయిపోతుంది. నేను ఇంటికొచ్చేసరికి చదువు జోరుగా సాగుతుంటుంది. అన్నం తింటూ సగం సగం వింటాను. ఎవరికి ఎంత పెద్ద జబ్బు చేసినా, పాము కరిచినా, రైలు కింద పడినా, వాళ్లు మూడో దినం పొద్దున లేచి కూర్చుని గంజి అడుగుతారు. అన్ని నవలల్లోనూ గంజే. ఒకసారి ఉండబట్టలేక, "ఈ రాసేవాళ్లకు వేరే మాటే దొరకదా అత్తా?" అన్నాను. అత్త టక్కున పుస్తకం మూసి, "అందరూ ఒకే బడిలో చదివింటారులే" అంది. తిమ్మమ్మ బొరుగుల ఉగ్గాని గిన్నెలోకి చూస్తూ మిరపకాయ బజ్జీ కొరుక్కుంది.

తిమ్మమ్మ చేసే పని ఇంకోటి ఉంది. అట్టలేని పుస్తకాలకు అట్టలు వేయడం. కత ముగిసిన సాయంత్రం పుస్తకాన్ని కొంగులో చుట్టుకుని తీసుకుపోయి, రెండు మూడు రోజులకు పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసి తెచ్చిస్తుంది. మా పెట్టె తెరిస్తే వేంకటేశ్వరుడు, చాముండేశ్వరి, సిమెంటు కంపెనీ వాళ్ల పులి, అందరూ వరసగా పడుకుని ఉంటారు. వాటి కింద అత్తకు అక్షరాలు నేర్పిన అవ్వ పాత బైబిలు.

ఈ ఏడు ఎండాకాలం మహా జోరుగా మొదలైంది. మొదట రైలు కత. స్టేషన్ మాస్టరు కూతురు ఒక గార్డును ప్రేమించి, ఆ బండి ఆగని స్టేషనుకు బదిలీ అయిపోయిన వాళ్ల నాయనను తిట్టుకుంటూ జెండా పట్టుకుని నిలబడే కత. రెండు వారాలు పట్టింది. తిమ్మమ్మ ఆ నాయనను తిట్టిన తిట్లు రైల్వేవాళ్లు వింటే మా ఊరికి రైలు కూడా రానిచ్చేవాళ్లు కాదు. తర్వాత తోడికోడండ్ల కత. అది పదకొండోసారి. ఇద్దరికీ ప్రతి మాట తెలుసు. చిన్న కోడలు పెద్ద కోడలి నగల పెట్టె బావిలో పడేసే చోటు రాగానే ఇద్దరూ ముందే నవ్వడం మొదలుపెట్టి, ఆ పేజీ నవ్వులోనే కొట్టుకుపోయింది. నేను వంటింట్లోంచి అది విని నాకు తెలియకుండానే నవ్వాను.

మూడోది ఇందుమతి కత. నేను ఈసారి కొత్తగా తెచ్చింది. ఇందుమతి సముద్రం పక్క ఊళ్లో పంతులమ్మ. మొగుడు ఓడెక్కి పోయాడు, రాలేదు. ఆమె రోజూ పొద్దున రేవుకు పోయి చూసి, బడికొచ్చి పిల్లలకు ఎక్కాలు చెబుతుంది. కతలో అంతకంటే ఏమీ జరగదు, కానీ ఆ ఇద్దరు ఆడవాళ్లకు ఇందుమతి అంటే ప్రాణమైపోయింది. "ఓడ కాబట్టి ఇట్లాయ. లారీ అయింటే మా కేశవ ఫోన్ చేసి యాడుండాదో చెప్తుండె" అని తిమ్మమ్మ రోజూ బాధపడేది.

సగం కత అయ్యేసరికి అత్త పుస్తకాన్ని చెయ్యంత దూరం పెట్టి చదవడం మొదలుపెట్టింది. తర్వాత కిటికీ దగ్గరికి జరిగింది. ఒకరోజు ఒకే వరసను రెండుసార్లు చదివింది. ఇందుమతి రెండుసార్లు గొడుగు తీసుకుని బయల్దేరింది. నేనే అత్తను కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. రెండు కళ్లకూ పొరలు. ఎడమ కంటికి వెంటనే ఆపరేషన్ అన్నారు. మూడు రోజుల్లో అయిపోయింది కూడా. ఆపరేషన్ తర్వాత డాక్టరమ్మ కాగితం మీద రాసిచ్చింది. నెల దాటాకే కొత్త అద్దాలు, అంతవరకు చదవకూడదు, తల వంచకూడదు, కన్ను నలపకూడదు. "అవ్వా, ముఖ్యంగా ఏడవకూడదు" అని నోటితో కూడా చెప్పింది.

నల్ల కళ్లద్దాలు పెట్టుకుని అత్త హాల్లో కూర్చుంది. నర్సు ఉద్యోగం అయిపోయింది, మామ కృపానిధి పోయి తొమ్మిదేళ్లయింది. నా భర్త రాబిన్ యశ్వంతనగర్ గనుల ఆఫీసులో పనిచేస్తూ నెలకొక ఆదివారం వస్తాడు. "ఈ ఇంట్లో నేను చేసే పని ఒకటే ఉండె. అది గూడా పాయ" అంది అత్త. ఆమె అట్లా మాట్లాడే మనిషి కాదు.

సరే, నేను చదువుతానని పుస్తకం తీశాను. అర పేజీ కూడా కాలేదు. "చాలమ్మా" అంది అత్త. "రిపోర్టు చదివినట్ల చదువుతాండావు. ఇందుమతికి షుగరు ఎంత ఉండాదో గూడా చెప్పు, సరిపోతాది." ఆడలేక మద్దెల ఓడన్నట్టు నేను అచ్చు బాగాలేదని గొణిగాను. ఎవరూ నమ్మలేదు.

"ఇట్ల తా, నేను చదువుతా" అంది తిమ్మమ్మ.

అత్త నల్లద్దాలు ఆమె వైపు తిరిగాయి. "నీకు తెలుగు అచ్చరాలు యాడొస్తాయి?"

"కన్నడం రాదా నాకు? రెండూ అక్కాచెల్లెండ్లే కదక్కా. రోంత తలకట్టు తేడా. తప్పుంటే నువ్వు దిద్దు."

అట్లా మొదలైంది. తిమ్మమ్మ వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. "ఇం...దు...మ...తి" అని లాగుతుంటే ఆ పిల్ల రేవుకు పోయేలోపు చీకటి పడేలా ఉంది. అత్తకు మాత్రం ఉత్సాహం వచ్చేసింది. ముప్పై ఏళ్లు సండేస్కూలు చెప్పిన మనిషి. "ఒత్తు మింగొద్దు. మళ్లీ చదువు. భేష్" అంటూ కుర్చీలో నిటారుగా కూర్చుంది. ఆ పూట ఆమె అన్నం కూడా బాగా తింది.

నాకు మాత్రం రెండో రోజుకే అనుమానం వచ్చింది. తిమ్మమ్మ 'గొడుగు' దగ్గర తడబడుతుంది, 'నిర్లక్ష్యం' దగ్గర ఆగనే ఆగదు. తేలిక మాటలకు ఆగి, గట్టి మాటలు మింగినంత సులువుగా చదివేస్తే ఎట్లా? నాలుగో రోజు కతలో తుఫాను వచ్చింది. రేవులో పడవలు తాళ్లు తెంపుకుంటున్నాయి. తిమ్మమ్మ వేలు పెట్టడం మరిచిపోయి, రెండు పేజీలు గడగడా చదివేసింది. ఉన్నట్టుండి గుర్తొచ్చి, "గా...లి" అని లాగింది. నేను ఆమె వైపు చూశాను. ఆమె చూడలేదు.

కత చివరికి వచ్చింది. ఆదివారం ముగించాలని ఇద్దరూ అనుకున్నారు. శనివారం నాకు సెలవు. అత్త నిద్రపోతుంటే, జీవితంలో మొదటిసారి ఒక నవల చివరి పేజీలు తీసి చదివాను. డాక్టరమ్మ ఏడవొద్దంది కదా, చూసిపెడితే మంచిదనుకున్నాను. చూసి మంచిపనే చేశాను. తుఫానులో తడిసిన ఇందుమతికి జ్వరం పట్టుకుంటుంది. నాలుగు పేజీల జ్వరం. చనిపోతుంది. మర్నాడు మొగుడు ఓడ దిగుతాడు, బడి పిల్లలు ఆయనను శ్మశానానికి తీసుకుపోతారు. నాకే కళ్లు తడిశాయి. అత్త ఇది వింటే ఆపరేషన్ అయిన కన్ను ఏం కావాలి?

ఎండలో గొడుగు కూడా లేకుండా తిమ్మమ్మ ఇంటికి పరుగెత్తాను. ఆమె చాటలో కందిపప్పు పోసుకుని ఏరుకుంటోంది.

"చిన్నత్తా, ఇందుమతి చచ్చిపోతుంది."

"తెల్సు" అంది, తలెత్తకుండానే.

"ఎట్ల తెలుసు? ఇంకా చివర చదవలేదు కదా."

తిమ్మమ్మ చాట పక్కన పెట్టింది. తర్వాత లోపలికి వెళ్లి, పెట్టె అడుగునుంచి ఒక పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టింది. అట్ట లేదు. కాగితాలు పచ్చబడి అప్పడాల్లా ఉన్నాయి. తెరిస్తే మొదటి పేజీలోనే హేమ పేరు.

"మా కేశవ పుట్టిన పొద్దు అక్క ఈ పుస్తకం మా ఇంట్లోనే మర్చిపోయె. బాలింతను, మూడు నెలలు మంచం మీద ఏం చేసేది? కన్నడం వచ్చినోళ్లకు తెలుగు సగం వచ్చినట్లే. మిగతా సగం దీంట్లోనే నేర్చుకుంటి. హేమ కతను మల్లొకసారి చదవల్లనిపించె. చదివితే..." ఆమె ఆగింది. "చదివితే హేమ సచ్చిపాయ. బిడ్డ గూడా."

నేను పుస్తకంలో ఆ పేజీ కోసం వెతికాను.

"నాకు శానా భయమేసె. ఆ తర్వాత ఏడుపొచ్చె. చూడు వినీలా, అక్క ఒక చెయ్యి నా కడుపు మీదేసి, ఇంకో చేత్తో పుస్తకం పట్టుకోని, లేని కతను ఉన్నట్ల చదివె. ఏమాత్రం తడబడల్యా. మూడో దినం హేమ లేచి కూసుండి గంజి అడిగెనని చెప్పె. అది విని నేను బలం తెచ్చుకుంటి."

"అయితే మిగతా నవలలన్నీ?"

"అన్నీ తెల్సు. అట్టలు వేసేకి తెచ్చేదే అందుకు. ఇందుమతి చివర మొన్న అక్క కునుకు తీసేటప్పుడే చూసుకుంటి. రైలు కతలో గార్డు బతకడు. డాక్టరమ్మ కతలో డాక్టరమ్మ బతకదు. అక్క చదివితే ఎవరూ సావరు." తిమ్మమ్మ నవ్వింది. "పుస్తకంలోది నేను ఇంట్లో చదువుకుంటా. అక్క చెప్పేది ఆడ వింటా. ఒక్కో పుస్తకానికి నాకు రెండు కతలు."

తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడని ఊరికే అనలేదు పెద్దలు. నలభై ఏళ్లుగా మా అత్త ఈమెను మోసం చేస్తున్నాననుకుంది. ఈమె అంతకంటే హాయిగా మోసపోతున్నట్టు కూర్చుంది.

"చదువొచ్చని ఎందుకు చెప్పలేదు చిన్నత్తా?"

"చెప్తే ఏమైతాది? పుస్తకం నా చేతికిచ్చి ఇంటికి పో అంటాది. నాకు పుస్తకం ఎందుకమ్మా? నాకు ఆయక్క గొంతు కావల్ల."

నేను లేచాను. నా భయం ఇంకా పోలేదు. సండేస్కూల్లో ముప్పై ఏళ్లు అబద్ధం ఆడొద్దని నేర్పిన మనిషి మా అత్త. తన అబద్ధం మొదటి ఏడాదినుంచే బయటపడి ఉందని తెలిస్తే ఎట్లా తట్టుకుంటుంది? సిగ్గుతో మళ్లీ పుస్తకం ముట్టకపోతే? "రేపు ఏం చేస్తావు?" అని అడిగాను. తిమ్మమ్మ చాట అందుకుంది. "చూస్తాంలే. నువ్వు గమ్మునుండు" అంది.

ఆదివారం మధ్యాహ్నం కిటికీలకు తడి గోనెపట్టలు కట్టాను. అత్త నల్లద్దాలతో కుర్చీలో, తిమ్మమ్మ కింద చాప మీద. నేను నన్నారి షర్బత్ కలిపి ఇచ్చి గడప దగ్గర కూర్చున్నాను. తిమ్మమ్మ మొదలుపెట్టింది. ఈసారి తడబాటు లేదు, వేలు పెట్టలేదు. ఆమె నోట కూడా అదే రాగం వచ్చింది, గుడిలో వాక్యం చదివే రాగం. నలభై ఏళ్లు విన్నది ఎక్కడికి పోతుంది? ఇందుమతికి జ్వరం వచ్చింది. పిల్లలు తలుపు దగ్గర నిలబడ్డారు. అత్త రెండు చేతులూ కుర్చీ చేతులను గట్టిగా పట్టుకున్నాయి.

"పంతులమ్మకు తెలివి తప్పింది" అని చదివింది తిమ్మమ్మ. అక్కడి వరకు పుస్తకమే. ఆమె పేజీ తిప్పింది, కళ్లు పుస్తకం మీదే ఉన్నాయి.

"పిల్లలు మంచం చుట్టూ కూసున్యారు. ఒక దినమాయ, రెండు దినాలాయ. మూడో దినం పొద్దున ఇందుమతి లేచి కూసుండి, రోంత గంజి అడిగె."

అత్త దొంగకు తేలు కుట్టినట్టు కదలకుండా కూర్చుంది. తిమ్మమ్మ ఆగలేదు. ఓడ వచ్చిందని, మొగుడు దిగాడని, ఇందుమతి గొడుగు పట్టుకుని రేవుకు పోయిందని, ఆ ఏడు కాలువకు నీళ్లు ముందే వదిలారని, నార్లు బాగా లేచాయని చదివేసింది. సముద్రం పక్క ఊళ్లో తుంగభద్ర కాలువ ఎట్లా వచ్చిందో దేవుడికే తెలియాలి. పుస్తకం మూసింది.

"అది పుస్తకంలో ఉండేది కాదు" అంది అత్త మెల్లగా.

"ల్యాకుంటే ఏమక్కా? నువ్వు చదివిన పుస్తకాల్లో ఉంటాది కదా, అట్లనే అనుకుంటి."

అత్త కుర్చీ చేతులు వదిలింది. "ఎప్పటినుంచి తెల్సు నీకు?"

"కేశవకు మూడు నెలలప్పటినుంచి."

"తిమ్మమ్మా, నలభై ఏండ్లు నేను నీకు అబద్దం చదివినా" అంది అత్త. నేను దూది తీసుకుని లేచాను, డాక్టరమ్మ మాట గుర్తొచ్చి.

తిమ్మమ్మ చాప మీదినుంచి లేచి, అత్త చేయి తన రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఆ పొద్దు నువ్వు ఉన్నదున్నట్ల చదివింటే, హేమ జతలో నేను గూడా పోతాంటి అక్కా. నా బిడ్డ గూడా. దాన్ని అబద్దమంటావా? నేను అననుప్పా. ఇంగ ఏడవొద్దు, కన్ను పాడైతాది. ఉగ్గాని చల్లారిపోతాండాది."

అత్త ఏడవలేదు. మొదట పెదవులు బిగించింది, తర్వాత భుజాలు కదిలాయి, తర్వాత పకపకా నవ్వేసింది. "సముద్రం దగ్గర నార్లు ఎట్ల పోసినావే?" అని అడిగి మళ్లీ నవ్వింది. తిమ్మమ్మ కూడా నవ్వింది. నవ్వినా కన్నీళ్లొస్తాయని డాక్టరమ్మ కాగితంలో రాయడం మరిచిపోయింది. నేను దూదితో అద్దుతూ కూర్చున్నాను. నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను. ఆ రోజు బజ్జీలు నేనే నాలుగు ఎక్కువ తిన్నాను.

జూన్ చివర కొత్త అద్దాలొచ్చాయి. జూలైలో కాలువకు నీళ్లు వదిలారని కబురు రాగానే, తిమ్మమ్మను ఎమ్మిగనూరు తీసుకుపోవడానికి కేశవ కారు తెచ్చాడు. ఆమె తిన్నగా కారెక్కకుండా మా ఇంట్లోకి వచ్చి, ఆ పచ్చబడిన పుస్తకాన్ని అత్త ఒళ్లో పెట్టింది. దానికి ఆ ఏడాది క్యాలెండరు కాగితంతో అట్ట వేసింది.

"పోయేలోపల ఇది చదువక్కా. ఈసారి ఉన్నదున్నట్ల. నేనూ కేశవా ఇద్దరం బతికే ఉండాము, ఇంగ భయంల్యా."

కేశవ కారు తాళాలు జేబులో వేసుకుని చాప మీద తల్లి పక్కన చతికిలబడ్డాడు. "నా జతగాని కత కదా, నేను గూడా వింటా పెద్దమ్మా" అన్నాడు. అంత మనిషి మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే మా హాలు చిన్నదైపోయింది.

అత్త కొత్త అద్దాలు సవరించుకుంది. హేమ కాన్పు దగ్గరి పేజీ తీసింది. పేజీ మూలన ఒక గోధుమరంగు మరక ఉంది, ఆ రోజు ఆమె చేతికున్న మందు మరక. చదవడం మొదలుపెట్టింది. మాట పోకుండా, ఉన్నది ఉన్నట్టు. దీపం, మంత్రసాని, వాకిట్లో తిరుగుతున్న మొగుడు. నాలుగు పేజీలు అట్లాగే నడిచింది. "తలుపు తెరుచుకుంది. మంత్రసాని తల వంచుకుని బయటికి వచ్చింది" అని చదివి ఆగింది.

ఆమె తలెత్తి కేశవను చూసింది. నెరుస్తున్న మీసాలు, ఖనిజం దుమ్ముతో ఎర్రబడిన చొక్కా కాలరు. వాడు నోరు కొద్దిగా తెరిచి వింటున్నాడు. "తర్వాత ఏమాయ పెద్దమ్మా? బిడ్డ బతికెనా?" అన్నాడు.

అత్త అద్దాలు తీసి కొంగుతో తుడిచి మళ్లీ పెట్టుకుంది. వేలు ఆ వరస మీదే ఉంది. ఎర్రసముద్రం దాటించిన గొంతుతో చదివింది.

"బిడ్డ కేరుమన్నాడు. మూడో దినం పొద్దున హేమ లేచి కూర్చుని గంజి అడిగింది."

తిమ్మమ్మ "ఆమెన్" అంది. కేశవ కూడా అన్నాడు.